ఇంటర్నల్ మార్కుల్ని ఫైనల్ పరీక్షతో సరిచేయడం ఎలా: ఎక్సెల్‌లో మొదటి నుంచి చివరి దాకా

"మా బ్రాంచిలో సార్ మార్కులు గీసి గీసి వేస్తారు, పాలకొల్లు బ్రాంచిలో మేడమ్‌కి చేతికి ఎముక లేదు, ఇద్దరి పిల్లల్నీ ఒకే ర్యాంకు లిస్టులో ఎలా పెడతామండీ?" అని భీమవరం నుంచి అమలాపురం దాకా టీచర్లు అడుగుతూనే ఉన్నారు. ఇంకోవైపు సిడ్నీలో పిల్లలున్న తల్లిదండ్రులూ తాతలూ అడిగేది ఇంకోటి: స్కూల్లో వేసిన మార్కు ఫైనల్ పరీక్ష అయ్యాక మారిపోతుందట, నిజమేనా అని.

రెండింటికీ జవాబు ఒకటే లెక్క: ఏడాదంతా బడిలో టీచర్ వేసిన ఇంటర్నల్ మార్కుల్ని, అందరూ రాసిన ఫైనల్ పరీక్షను బట్టి సరిచేయడం. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పన్నెండో తరగతి చివర్లో రాసే హెచ్‌ఎస్‌సీకి అక్కడి బోర్డు (పేరు నెసా) వాడే పద్ధతిని తీసుకుని, మన బడుల్లో రెండు మూడు సెక్షన్లకు ఎలా వాడుకోవాలో చెబుతాను. ఎక్సెల్‌లో కూడిక, సగటు వచ్చినవాళ్లు ఎవరైనా చేసేయొచ్చు.

ముందే ఒక మాట. ఇది మీ సొంత ప్రోగ్రెస్ కార్డుకు, మీ బ్రాంచిల మధ్య ర్యాంకులకు మాత్రమే. బోర్డుకు పంపే మార్కుల్ని బోర్డు చెప్పిన పద్ధతిలోనే పంపాలి, అక్కడ ఈ ప్రయోగాలు వద్దు. సీబీఎస్‌ఈ పదో తరగతిలో 80 రాతపరీక్ష, 20 ఇంటర్నల్ కదా, ఆ 20 జోలికి వెళ్లకండి.

1. లెక్క మొదలుపెట్టే ముందు బుర్రలో పెట్టుకోవాల్సింది

వరస బడిది, స్థాయి పరీక్షది. మొత్తం విషయం ఇంతే.

అంటే క్లాసులో ఎవరు ముందు, ఎవరు వెనక, ఇద్దరి మధ్య ఎంత తేడా అన్నది ఏడాదంతా చూసిన టీచర్ చెప్పాలి. కానీ ఆ క్లాసు మొత్తం మీద 90ల్లో ఉండాల్సిందా 60ల్లో ఉండాల్సిందా అన్నది అందరూ ఒకే పేపరు రాసిన ఫైనల్ పరీక్ష చెప్పాలి. కల్లంలో ఎవరి బస్తాలు వాళ్లు కాటా వేసుకున్నా, చివరికి మిల్లు దగ్గర అందరికీ ఒకే కాటా ఉంటుంది చూడండి, అలాగన్నమాట.

హెచ్‌ఎస్‌సీలో ఒక్కో స్కూల్లో ఒక్కో సబ్జెక్టు గుంపుకు పాటించేవి ఇవి:

- సరిచేసిన ఇంటర్నల్ మార్కుల సగటు = ఆ గుంపుకు పరీక్షలో వచ్చిన సగటు.
- ఇంటర్నల్‌లో ఫస్ట్ వచ్చినవాళ్లకు సరిచేశాక వచ్చేది = ఆ గుంపులో పరీక్షకు వచ్చిన అత్యధిక మార్కు. ఆ మార్కు ఎవరు తెచ్చుకున్నా సరే.
- అట్టడుగున ఉన్నవాళ్లకు, వీలైనంతవరకు, పరీక్షలో వచ్చిన అత్యల్ప మార్కు.
- వరస మారదు. మధ్యలో ఉన్నవాళ్ల మధ్య తేడాలు వీలైనంతవరకు టీచర్ ఇచ్చిన దామాషాలోనే ఉంటాయి.

అందరూ ఇలాగే చేయరు. హాంగ్‌కాంగ్‌లో స్కూలు మార్కుల సగటును, అవి సగటుకు అటూ ఇటూ పరుచుకున్న తీరును పరీక్షను బట్టి సవరిస్తారు. ఆస్ట్రేలియాలోనే విక్టోరియా రాష్ట్రంలో మధ్యస్థం (వరసలో సరిగ్గా నడిమి మార్కు), పై పావు, కింది పావు హద్దుల మార్కులు చూస్తారు. మనకు నెసా దారి చాలు, తల్లిదండ్రులకు వివరించడం తేలిక.

2. తయారీ: అసలు పని ఇక్కడే ఉంది

లెక్క పది నిమిషాల్లో అయిపోతుంది. సరైన మార్కులు చేతికి రావడానికే వారం పడుతుంది, ఈ వారాన్ని మిగుల్చుకుందామని చూసినవాళ్లే తర్వాత పేరెంట్స్ మీటింగులో తలదించుకుంటారు.

గుంపు ఏదో తేల్చండి. ఏడాదిలో బడి పెట్టే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల్లో ఒకే పేపర్లు రాసి, ఒకే కీతో దిద్దించుకున్న పిల్లలు ఒక గుంపు. ఏ సెక్షన్‌కి ఒక టీచర్, బీ సెక్షన్‌కి ఇంకో టీచర్ వేరువేరు పేపర్లు పెట్టి ఉంటే అవి రెండు గుంపులు, విడివిడిగా సరిచేయాలి. వేరువేరు పేపర్ల మార్కుల్ని కలిపేసి ఒకే వరసగా పేర్చితే ఆ తర్వాత ఎంత గొప్ప సూత్రం వాడినా ఉపయోగం లేదు, ఎందుకంటే వరసే తప్పు.

ఫైనల్ పరీక్ష మాత్రం అందరికీ ఒకటే పేపరు, ఒకటే రోజు, ఒకటే టైము. పేపర్లు దిద్దేది సొంత టీచర్ కాకూడదు. నరసాపురం కట్టలు భీమవరానికి, భీమవరం కట్టలు పాలకొల్లుకు పంపండి, పేర్లు కనబడకుండా కోడ్ నంబర్లు వేయండి. బస్సులో ఒక మనిషిని పంపే ఖర్చుకు వెనకాడితే ఈ పద్ధతే దండగ. పరీక్ష హాల్లో స్లిప్పులు నడిచాయా, ఆ అబద్ధం మొత్తం ఏడాది మార్కుల్లోకి పాకుతుంది.

ఇంటర్నల్ మార్కుల్లో తేడా కనబడాలి. "అందరికీ 95 పైనే వేసేద్దాం, గొడవుండదు" అనుకునే టీచర్లకు ఇది చూపించండి: ఇంటర్నల్‌లో అందరూ 95, 100 మధ్యలో ఉండి, పరీక్షలో 46 నుంచి 88 దాకా పరుచుకున్నారనుకోండి. అయిదు మార్కుల తేడా 42 మార్కుల తేడాగా సాగాలి. అంటే ఇంటర్నల్‌లో నోట్‌బుక్ అట్ట లేదని కోసిన ఒక్క మార్కు, సరిచేశాక ఎనిమిది మార్కులకు పైగా నష్టం. మంచి మనసుతో వేసిన మార్కులే చివరికి పిల్లల పీక మీదకు వస్తాయి.

మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- రెండు రకాల మార్కులూ 100కి మార్చారా?
- ఇంటర్నల్‌లో హాజరుకు, ప్రవర్తనకు, ఫీజు బకాయికి (నవ్వకండి, ఇదీ జరుగుతుంది) మార్కులు కలిపి ఉంటే తీసేశారా?
- పరీక్షకు రానివాళ్ల గడిలో సున్నా పెట్టారా? పెట్టొద్దు, ఖాళీగా వదిలి, వాళ్లను 5వ భాగంలో చెప్పినట్టు లెక్కలోంచి పక్కన పెట్టండి. సున్నా పెడితే సగటు కూలిపోతుంది.
- జ్వరంతోనో, ఇంట్లో ఎవరో పోయినప్పుడో రాసినవాళ్ల పేర్లు విడిగా రాసుకున్నారా?
- అసలు ఫైలును కాపీ చేసి పక్కన పెట్టారా?

3. లెక్క, మెట్టు మెట్టుగా

అయిదుగురు పిల్లల్ని తీసుకుందాం. అ, ఆ, ఇ, ఈ, ఉ.

ఇంటర్నల్: అ 95, ఆ 90, ఇ 85, ఈ 80, ఉ 70. సగటు 84.
ఫైనల్: అ 88, ఆ 70, ఇ 76, ఈ 60, ఉ 46. మొత్తం 340, సగటు 68.

పరీక్షలో ఇ, ఆను దాటేసింది. గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

*మొదటి మెట్టు: గీత గీయండి.* పైనున్న 95ని 88కి, కిందున్న 70ని 46కి కట్టేయాలి. ఇంటర్నల్‌లో పై నుంచి కింది దాకా తేడా 25, పరీక్షలో తేడా 42. 42 ÷ 25 = 1.68. దీన్ని వాలు అందాం.

ప్రతి ఒక్కరికీ: 46 + 1.68 × (వాళ్ల ఇంటర్నల్ − 70).

అ 88, ఆ 79.6, ఇ 71.2, ఈ 62.8, ఉ 46. మొత్తం 347.6.

*రెండో మెట్టు: మొత్తం సరిపోయిందా చూడండి.* మనకు రావాల్సింది 340, వచ్చింది 347.6. అంటే 7.6 ఎక్కువ. రెండు కొసలూ కదలకుండా మధ్యలో వాళ్లను కిందికి వంచాలి.

*మూడో మెట్టు: వంపు బరువు.* ప్రతి ఒక్కరికీ (ఇంటర్నల్ − 70) × (95 − ఇంటర్నల్) లెక్కించండి. ఆ: 20 × 5 = 100. ఇ: 15 × 10 = 150. ఈ: 10 × 15 = 150. అ, ఉ ఇద్దరికీ సున్నా వస్తుంది, అందుకే కొసలు కదలవు. మొత్తం 400.

*నాలుగో మెట్టు: పంచండి.* 7.6 ÷ 400 = 0.019. దీన్ని వంపు అందాం. ప్రతి ఒక్కరి గీత మార్కులోంచి 0.019 × వాళ్ల బరువు తీసేయండి.

సరిచేసిన ఇంటర్నల్:

- అ: 88
- ఆ: 79.6 − 1.9 = 77.7
- ఇ: 71.2 − 2.85 = 68.35
- ఈ: 62.8 − 2.85 = 59.95
- ఉ: 46

కూడితే 340. సగటు 68. పై మార్కు, కింది మార్కు, సగటు, మూడూ కుదిరాయి.

గీత మార్కుల మొత్తం తక్కువ వస్తే రెండో మెట్టులో తేడా మైనస్‌లో వస్తుంది, నాలుగో మెట్టులో తీసేయబోయి కలుపుతారు. సూత్రం అదే, గుర్తును చేత్తో మార్చకండి.

ఎక్సెల్‌లో అయితే పేరు, ఇంటర్నల్, ఫైనల్, గీత, బరువు, సరిచేసినది అని ఆరు కాలమ్‌లు చాలు. ఇంటర్నల్‌కూ ఫైనల్‌కూ అత్యధికం, అత్యల్పం, ఆపైన వాలు, వంపు, ఇవన్నీ పైన విడి గడుల్లో పెట్టి, ఫార్ములాలో వాటిని డాలర్ గుర్తుతో ($B$1 లాగా) కట్టేయండి. ఆ డాలర్ మర్చిపోతే కిందికి లాగినప్పుడు గడులు జారిపోయి, రెండో పిల్ల నుంచి అన్నీ తప్పులొస్తాయి, పైగా చూడటానికి బాగానే కనబడతాయి. నన్ను సాయమడిగి పంపిన ఫైళ్లలో ఎక్కువగా కనబడే తప్పు ఇదే.

4. వంపు మరీ ఎక్కువైందేమో చూడండి

ఒక్కోసారి వంపు ఎంత ఎక్కువవుతుందంటే గీత తిరగబడి, ఇంటర్నల్‌లో వెనకున్నవాళ్లకు ముందున్నవాళ్ల కంటే ఎక్కువ మార్కులు వచ్చేస్తాయి. అప్పుడు వరస పోయినట్టే.

ఇది సరిచూడటం సులువు. వంపును ఇంటర్నల్ తేడాతో గుణించండి, మైనస్ గుర్తు ఉంటే దాన్ని పట్టించుకోకండి. మన లెక్కలో 0.019 × 25 = 0.475. ఇది వాలు 1.68 కంటే తక్కువ కాబట్టి ఇబ్బంది లేదు. ఎక్కువ వచ్చిందా, కింది కొసను వదిలేయాలి. "వీలైనంతవరకు" అన్న మాట అందుకే.

అప్పుడు నేను చేసేది: పై మార్కు, సగటు రెండింటి గుండానే తిన్నని గీత. (88 − 68) ÷ (95 − 84) = 1.818. ప్రతి ఒక్కరికీ 88 − 1.818 × (95 − వాళ్ల ఇంటర్నల్). ఈ దారిలో ఉకి 42.5 చిల్లర వస్తుంది, 46 కాదు. సగటు మాత్రం 68 దగ్గరే ఉంటుంది.

5. ఎవర్ని పక్కన పెట్టాలి

దీన్ని తొందరగా దాటేయకండి, ఒక్క పేరు చాలు పక్కవాళ్ల మార్కులు తారుమారవడానికి.

ఉకి పరీక్ష రోజు టైఫాయిడ్ అనుకుందాం. 46 రావాల్సినవాడికి 20 వచ్చాయి. అలాగే లెక్కలో ఉంచితే సగటు 68 నుంచి 62.8కి పడుతుంది. అందరికీ సమానంగా తగ్గుతుందనుకుంటాం, కానీ లెక్క వేసి చూడండి: ఈకి 59.95 కాస్తా 56.05 అవుతుంది, దాదాపు నాలుగు మార్కులు పోయాయి. ఆకి మాత్రం 77.7 నుంచి 80.3కి పెరుగుతుంది! ఒకరి జ్వరానికి పక్క పిల్ల జరిమానా కట్టింది, ఇంకో పిల్లకు బహుమతి వచ్చింది.

సరైన దారి: ఉని తీసేసి మిగతా నలుగురితో లెక్క వేయండి. అత్యల్పం ఇప్పుడు 'ఈ'ది, అంటే ఇంటర్నల్ 80, ఫైనల్ 60. వాలు 28 ÷ 15 = 1.867, వంపు 0.02 వస్తాయి. ఆకి 77.67, ఇకి 68.33, ఈకి 60. జ్వరం లేనప్పుడు వచ్చిన మార్కులకు ఇవి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. ఇప్పుడు అదే సూత్రంలో ఉ ఇంటర్నల్ 70 వేస్తే 46.33 వస్తుంది. వాడికి ఇంటర్నల్ కింద అదే ఇవ్వండి.

నెసా కూడా ఇలా అసాధారణంగా పడిపోయిన మార్కుల్ని సగటు లెక్కలోకి రానివ్వదు. మన దగ్గర తుపాను రోజుల్లో లంక గ్రామాల పిల్లలు పడవ దొరక్క అరగంట ఆలస్యంగా వచ్చి రాస్తారు, వాళ్లనూ ఇందులోనే చూడాలి.

కానీ "మా వాడు ఆ రోజు సరిగా రాయలేదండి" అన్న ప్రతివాళ్లనూ తీసేయకండి. డాక్టర్ చీటీనో, ఇన్విజిలేటర్ రాసిన కాగితమో ఉండాలి, నిర్ణయం మార్కులు చూడకముందే జరగాలి. మార్కులు చూశాక తీసేసే పేర్లన్నీ కరస్పాండెంట్ గారి బంధువులవే అయ్యుంటాయి.

6. తరచూ జరిగే తప్పులు

మధ్యలో రౌండ్ చేయడం. చివరి కాలమ్ దాకా దశాంశాలు ఉంచండి. మధ్యలోనే దశాంశాలు తీసేస్తే సగటు కుదరదు.

పిల్లవాడి సొంత పరీక్ష మార్కుతో సరిచేయడం. ఇకి పరీక్షలో 76 వచ్చింది కాబట్టి ఇంటర్నల్ కూడా 76 చేసేద్దాం అంటారు. అలా చేస్తే ఇంటర్నల్ అన్నదే లేనట్టు, పరీక్షనే రెండుసార్లు లెక్కపెట్టినట్టు. సరిచేయడం గుంపుకు, మనిషికి కాదు.

మరీ చిన్న గుంపు. ఒక్కరే ఉంటే పోల్చడానికేమీ లేదు, పరీక్ష మార్కే ఇంటర్నల్ అవుతుంది. ఇద్దరే ఉండి, ఇంటర్నల్‌లో సెకండ్ పరీక్షలో ఫస్ట్ వస్తే మార్కులు అడ్డంగా మారిపోతాయి: ముందున్న పిల్లకు వెనక పిల్ల తెచ్చుకున్న పెద్ద మార్కు వెళ్తుంది. వీలైతే ఏడాది మొదట్లోనే రెండు బ్రాంచిలకు ఒకే పేపర్లు పెట్టి గుంపు పెద్దది చేసుకోండి.

సమాన మార్కులు. ఇంటర్నల్ ఒకటే అయితే సరిచేసినదీ ఒకటే రావాలి. రాకపోతే ఫార్ములా ఎక్కడో జారింది.

ఫైనల్ పరీక్షే జరగకపోతే ఈ లెక్క లేదు. 2021లో పరీక్షలు రద్దయినప్పుడు సీబీఎస్‌ఈ, అంతకుముందు మూడేళ్లలో ఆ స్కూలుకు బాగా వచ్చిన ఏడాది ఫలితాల్ని కొలబద్దగా పెట్టుకోమంది. అది గత్యంతరం లేక చేసిన పని, మామూలు రోజుల్లో మీరు దానికి దిగొద్దు.

7. కలపడం, తల్లిదండ్రులకు చెప్పడం

హెచ్‌ఎస్‌సీలో సగం పరీక్ష, సగం సరిచేసిన ఇంటర్నల్. ఆ లెక్కన ఆకి (70 + 77.7) ÷ 2 = 73.85. ఇకి (76 + 68.35) ÷ 2 = 72.18. పరీక్షలో వెనకబడినా ఏడాదంతా ముందున్న 'ఆ', వెంట్రుకవాసిలో నిలబడింది. మీ బడిలో 20, 80 అయితే ఆకి 15.54 + 56 = 71.54, ఇకి 13.67 + 60.8 = 74.47. ఇక్కడ ఇ దాటేసింది. ఏ పాళ్లు పెట్టుకుంటారన్నది జూన్‌లోనే తేల్చి నోటీసు బోర్డు మీద పెట్టండి, ఏప్రిల్‌లో కాదు.

"మా అమ్మాయికి 90 వేశారు, కార్డులో 77 ఏంటండీ?" అని వస్తారు. "తగ్గించాం" అనకండి. గుంపు సగటు 84 నుంచి 68కి వచ్చింది, మీ అమ్మాయి సెకండ్ స్థానం అలాగే ఉంది, ఇదిగో లిస్టు అని చూపించండి. అసలు మంచి పని, ఏడాది మధ్యలో మార్కులకంటే స్థానం చెప్పడం.

8. సిడ్నీలో పిల్లలున్నవాళ్లకు

- స్కూలు వేసిన మార్కు 72 అయినా 85 అయినా కంగారు పడకండి. అది బోర్డుకు వెళ్లాక మారుతుంది. అడగాల్సింది ర్యాంకు, పై పిల్లకూ తనకూ ఉన్న దూరం.
- "మామూలు స్కూలు కదండీ, అందరూ మా పిల్లను కిందికి లాగేస్తారు" అన్న టెన్షన్ వద్దు. ఇంటర్నల్‌లో ఫస్ట్, పరీక్షలోనూ ఫస్ట్ అయితే సరిచేసిన మార్కు తన పరీక్ష మార్కే. మిగతావాళ్లు ఎలా రాసినా అది తగ్గదు.
- మధ్యలో ఉన్న పిల్లకు మాత్రం తోటివాళ్ల పరీక్ష ముఖ్యం. గుంపు బాగా రాస్తే సగటు లేస్తుంది, దాంతో చాలావరకు తన ఇంటర్నల్ కూడా. నోట్సు దాచుకోమని ఫోన్లో సలహాలివ్వకండి, కలిసి చదువుకోమనండి.
- ఇంటర్నల్ అయిపోయింది కదా అని చివరి పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పరీక్ష తన సగం మార్కును నేరుగా, మిగతా సగాన్ని గుంపు ద్వారా తేలుస్తుంది.
- పరీక్ష రోజు జ్వరం వచ్చినా, దారిలో ప్రమాదం జరిగినా ఇంట్లో కూర్చుని బాధపడకుండా స్కూలుకు వెంటనే చెప్పి, డాక్టర్ కాగితంతో దరఖాస్తు పెట్టించండి. ఫలితాలు వచ్చాక అడిగితే వినేవాళ్లుండరు.